ఫిర్యాదు రాస్తూ కూర్చున్న మూడు నిమిషాలు

హోసూరులో సముద్రం లేదు. ఈ మాట నాకు చెప్పని మనిషి ఈ జిల్లాలో లేడు. కృష్ణగిరి బస్టాండులో టీ తాగుతూ "ఏం ఉద్యోగం?" అని అడిగినవాళ్ళకు "ఓడలను చూసుకునే ఉద్యోగం" అని చెబితే, "హోసూరులోనా? ఏ చెరువులోనప్పా?" అని నవ్వేవారు. అలా నవ్వినవాళ్ళ ముఖాల్లో ఒక్కటి కూడా నేను మరచిపోలేదు. వాళ్ళలో ఇద్దరు నా బంధువులే. పెళ్ళిళ్ళలో ఎదురైతే ఇప్పటికీ ముందుగా నేను పలకరించను.

ఇది చదివే పిల్లల్లో చాలామంది తెర ముందు కూర్చుని, ఎక్కడో దూరాన ఉన్నదాన్ని కాపలా కాసే ఉద్యోగాల్లో ఉండి ఉంటారు. లారీలు కావచ్చు, గోదాములు కావచ్చు, కరెంటు లైన్లు కావచ్చు. మీకోసమే ఇది రాస్తున్నాను. నా గొప్ప చెప్పుకోవడానికి కాదు. ఆ రోజు నేను చేసిన పనిలో సగం మాత్రమే చెప్పుకోదగ్గది. మిగతా సగం గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

మాది మత్తూరు దగ్గర మేకలు కాచుకునే కుటుంబం. నేను పద్దెనిమిదేళ్ళకు ఇల్లు వదిలి, సరుకు ఓడల్లో నావికుడిగా చేరి, ముప్పై ఏళ్ళకు పైగా అదే పని చేశాను. ఓడను నడిపే గదిని బ్రిడ్జి అంటారు. అక్కడ అధికారి పక్కన నిలబడి, కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ, ఏదైనా కనబడితే చెప్పడం నా పని. దాన్ని లుకౌట్ అంటారు. రాడార్ ఉన్నా, తెరమీద పటం ఉన్నా, ఒక మనిషి కళ్ళూ చెవులూ పెట్టుకుని నిలబడి తీరాలి. అది సముద్రపు చట్టం.

ఆ పనిని నాకు ఏ బడీ నేర్పలేదు. మా అమ్మ నేర్పింది, అదీ బెంగుళూరు రోడ్డు పక్కన. మేకల్ని రోడ్డు దాటించే ముందు అమ్మ తన కట్టెను నేలమీద నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, వచ్చే లారీని కట్టె పక్కనుంచి చూసేది.

"కట్టె దగ్గరనుంచి లారీ పక్కకు జరిగిందంటే, అది దాని దోవన పోతాది. జరగకుండా ఉన్నచోటనే ఉండి పెద్దదవుతా ఉందంటే, అది మనకోసమే వస్తా ఉండాది. నిలుచుకోవాల" అనేది.

ఓడల్లో పెద్ద పెద్ద చదువులు చదివిన అధికారులు ఇదే సంగతిని దిక్సూచి పెట్టి, డిగ్రీలు లెక్కగట్టి చెబుతారు. ఎదుటి ఓడ కనబడే దిక్కు మారకుండా దూరం మాత్రం తగ్గుతూ ఉంటే ఢీకొంటాయని అర్థం. మా అమ్మకు డిగ్రీలు తెలియవు. ఒక్క మేకను కూడా ఆమె లారీకి ఇవ్వలేదు.

మోకాళ్ళు అరిగిపోయాక ఓడ ఎక్కవద్దని డాక్టర్లు చెప్పారు. అప్పుడు మా ఓడల యజమాని నన్ను హోసూరు ఆఫీసుకు పంపాడు. ఆయనకు తూర్పు తీరంలో సరుకు మోసే చిన్న ఓడలు ఐదు ఉండేవి. అద్దె తక్కువని వాటి కార్యాలయాన్ని హోసూరులో ఒక షెడ్డు మేడమీద పెట్టాడు. ప్రతి ఓడలోనూ ఒక యంత్రం ఉంటుంది. తన పేరు, తానున్న చోటు, వేగం అన్నీ రేడియోలో చెబుతూ ఉంటుంది. మా ఆఫీసు గోడమీద పెద్ద పటంలో ఆ ఓడలన్నీ చిన్న పచ్చ త్రికోణాలుగా కదులుతుంటాయి. ఆ యంత్రం లేని పడవ మాత్రం ఆ పటంలో ఉండదు. ఇది గుర్తుంచుకోండి, తరువాత పనికివస్తుంది.

ఆఫీసులో నాకు జరిగిన అవమానాలు చెప్పాలంటే ఒక పుస్తకం పడుతుంది. నిజంగానే పట్టింది. ఎర్ర అట్ట వేసిన ఫిర్యాదుల పుస్తకం ఒకటి అందరికోసమని తలుపు దగ్గర బల్లమీద పెట్టారు. చూస్తే మొదటి నలభై పేజీల్లో ఒకటే చేతిరాత.

మొదటిరోజే, ఊత్తంగరై నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె, పటాన్ని చూసుకునే ఉద్యోగి, నన్ను "తాతా" అని పిలిచింది. అప్పటికి నాకు యాభై రెండేళ్ళే. మొదటి ఫిర్యాదు అదే. తరువాత ఆమె "మామా" అని పిలవడం మొదలుపెట్టింది. దాంతో ఆ ఫిర్యాదును వెనక్కు తీసుకున్నాను. గుర్తింపు కార్డులో నన్ను "సహాయకుడు" అని వేశారు. ముప్పై ఏళ్ళు సముద్రం చూసినవాడిని ఎవరికి సహాయకుణ్ణి చేశారో చెప్పలేదు. అందరికీ చేతులున్న కుర్చీలు, నాకు చేతుల్లేని కుర్చీ. మామిడికాలంలో కృష్ణగిరి మండీ నుంచి మంచి పళ్ళు ఏరి ఒక బుట్టెడు తీసుకెళితే, మేనేజరు సంతోషంగా తిని, బుట్టను మేడమీదికి మోసిన డ్రైవరుకు కృతజ్ఞతలు చెప్పాడు. నా ఎదుటే చెప్పాడు.

ఈ మేనేజరు గురించి నాలుగు మాటలు చెప్పాలి. చెడ్డమనిషి కాదు. హోసూరులో ఏదో ఫ్యాక్టరీలో సరుకు పంపించే విభాగంలో పనిచేసి వచ్చాడు. ఓడ ఎక్కిన మనిషి కాదు. కానీ కాగితం పనిలో దిట్ట. ఆయన లోకంలో ప్రతి పనీ రెండే రకాలు, పెండింగు, ముగిసినది.

ఒకసారి ఆయన ఎవరో అతిథులకు ఆఫీసు చూపిస్తున్నాడు. గాజు క్యాబిన్‌లోకి నేను నేరుగా వెళ్ళి, మరుగుదొడ్డి కుళాయి గురించి చెప్పాను. చెప్పవలసిన సంగతే. మూడు రోజులుగా కారుతోంది. అతిథులు వెళ్ళాక ఆయన బయటికి వచ్చి, అందరూ వింటుండగా అన్నాడు.

"పెద్దాయనా, మీకు చేతులెత్తి దండం పెడతాను. ఇంకమీదట ఏముండినా బుక్కులో రాయండి. నోటితో చెప్పొద్దు. నేను పిలిచేదాకా ఆ తలుపు దాటి లోపలికి రావద్దు. సరేనా?"

"సరే సార్. ఏముండినా బుక్కులోనే" అన్నాను.

అనడమే కాదు, మనసులో ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ మనిషితో నోరు విప్పి ఒక్క మాట చెబితే ఒట్టు. అక్షరాలా ఆయన చెప్పినట్టే చేసి చూపిస్తానని. కోపం వచ్చినప్పుడు ఎదురు తిరిగేవాడికంటే, చెప్పిన మాటను తూచా తప్పకుండా పాటించేవాడు ఎక్కువ ప్రమాదకరం. ఇది నన్ను చూసి నేను తెలుసుకున్న సంగతి.

నా కుర్చీ టీ కాచే గది తలుపు పక్కన ఉండేది. అక్కడే గోడకు ఒక చిన్న టీవీ వేలాడేది. ఐదు ఓడల్లో ఒకదాని బ్రిడ్జి కిటికీ పైన కెమెరా పెట్టారు. ఓడ ముందుభాగం, దాని ముందున్న సముద్రం అందులో కనబడతాయి. కదిలే బొమ్మ కాదు. ఆరేడు సెకన్లకు ఒక బొమ్మ వస్తుంది. వచ్చినవాళ్ళకు చూపించడానికి పెట్టిన వస్తువు అది. దాన్ని చూడటం ఎవరి ఉద్యోగమూ కాదు. నాకు వేరే కుర్చీ లేదు కాబట్టి నేను చూసేవాణ్ణి.

ఆ ఓడలోకి కొత్తగా ఒక మేట్ వచ్చాడు. కెప్టెన్ కింద ఉండే అధికారిని మేట్ అంటారు. కాకినాడ వైపు కుర్రవాడు, చురుకైనవాడు. ప్రతి ఉదయం ఓడనుంచి ఒక నివేదిక రావాలి. అది ఆఫీసులో అందరితోపాటు నాకూ రావాలి. పాత మేట్ పంపేవాడు. కొత్తవాడు మూడు వారాలుగా నా పేరు వదిలేస్తున్నాడు. నేను అడిగితే, "ఈయన ఎవరో తెలియలేదు" అని రాశాడు. ఎవరో తెలియలేదట! వాడు పుట్టకముందు నేను ఆ తీరమంతా చూశాను. ఎర్ర పుస్తకంలో మూడుసార్లు ఫిర్యాదు రాశాను. మూడూ పెండింగు.

మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం యజమాని ఆఫీసు చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది. మేనేజరు ఉదయం నుంచే ఎర్ర పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. యజమాని వచ్చేసరికి ఒక్క ఫిర్యాదు కూడా పెండింగులో ఉండకూడదు. కుళాయి బాగుచేయించాడు. కార్డు మార్పిస్తానని రాసి సంతకం పెట్టాడు. అలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చి, పదకొండున్నర ప్రాంతంలో ఆ నివేదిక సంగతి దగ్గర ఆగాడు. పుస్తకం తెచ్చి మళ్ళీ తలుపు దగ్గర బల్లమీద పెట్టి, క్యాబిన్‌లోకి వెళ్ళి, నేరుగా ఓడ బ్రిడ్జికి ఫోను చేశాడు.

గాజు తలుపు సందులోంచి నాకు ప్రతి మాటా వినబడుతోంది.

"ఎవరికెవరికి పంపాలో లిస్టు ఇచ్చినాము గదా? ఆ ఫైలు యాడుంది? కిందనా? తెప్పించు. ఇప్పుడే తెప్పించు. నేను లైన్‌లోనే ఉంటాను."

ఇంతకాలానికి నా ఫిర్యాదు ఒకటి ఓడదాకా చేరింది! ఆ ఆనందం మీకెలా చెప్పను? వీపు నిటారుగా పెట్టుకుని, టీ గ్లాసు చేతిలో పట్టుకుని, సంగీతం విన్నట్టు విన్నాను.

అలా వింటూ అలవాటుగా టీవీ చూశాను. మంచి ఎండ. సముద్రం తగరపు రేకులా మెరుస్తోంది. ఓడ ముందుభాగంలో నిలువుగా ఒక స్తంభం ఉంటుంది. దానికి ఎడమపక్కన, ఆ మెరుపు మధ్యలో, ఆవగింజంత నల్లటి చుక్క. కెమెరా అద్దంమీద మరక అనుకున్నాను. తరువాతి బొమ్మలో ఉంది. ఆ తరువాతి బొమ్మలోనూ ఉంది. అదే చోట. పది బొమ్మలయ్యేసరికి ఆవగింజ కందిగింజయింది. స్తంభానికి ఎడమపక్కన, అదే చోట.

కట్టె దగ్గర లారీ జరగడం లేదు.

గోడమీది పటం చూశాను. మా ఓడ పచ్చ త్రికోణం ఒక్కటే ఉంది. చుట్టూ ఖాళీ నీలం. అంటే యంత్రం లేని పడవ. చేపలు పట్టేవాళ్ళు. బ్రిడ్జిలో మేట్ మా మేనేజరుతో ఫోనులో ఉన్నాడు. ఆ ఓడలో ఫోను బ్రిడ్జి వెనక గోడకు ఉంటుంది. మాట్లాడేవాడి వీపు కిటికీ వైపు ఉంటుంది. మరి లుకౌట్ మనిషి? ఫైలు తెచ్చేందుకు కిందికి పంపింది ఎవరిని? బ్రిడ్జిలో ఉండేది ఇద్దరే.

ఓడ వేగం సైకిలు తొక్కినంత. వినడానికి తక్కువే. సైకిలుకు బ్రేకులుంటాయి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెబుతాను. అర నిమిషం నేను కదలలేదు. తలుపు తడితే ఆ ఫోను ఆగిపోతుంది. ఫోను ఆగితే నా ఫిర్యాదు మళ్ళీ పెండింగు. ఈ ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

తరువాత లేచి వెళ్ళి తలుపు తట్టాను. మేనేజరు తల ఎత్తలేదు. అరచేయి చూపించాడు, ఆగమని. తరువాత అదే చేతి వేలితో బల్లమీది ఎర్ర పుస్తకాన్ని చూపించాడు.

నాలో ఏదో భగ్గుమంది. సరే సార్. మీరు చెప్పినట్టే.

బల్ల దగ్గర కూర్చుని, పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి రాయడం మొదలుపెట్టాను. వరుస సంఖ్య వేశాను. తేదీ వేశాను. గడియారం చూసి సమయం వేశాను. "విషయం: ఓడకు ఎదురుగా గుర్తు తెలియని పడవ ఉండుట, ఆ సంగతి నోటితో చెప్పుటకు అనుమతి లేకపోవుట గురించి" అని రాసి కింద గీత గీశాను. తరువాత "ఇంతకుముందు ఫిర్యాదుల వివరం" అనే గడి ఉంటుంది. నోటితో చెప్పొద్దన్న రోజు నేను రాసిన ఫిర్యాదు సంఖ్య ఎంతో గుర్తు రాక పేజీలు వెనక్కి తిప్పాను. మీరు నవ్వండి. నేను కూడా ఇప్పుడు నవ్వుతాను. అప్పుడు మాత్రం ఎంత శ్రద్ధగా తిప్పానో చెప్పలేను.

నీళ్ళు పట్టుకోవడానికి వచ్చిన ఊత్తంగరై అమ్మాయి నా భుజం పక్కన నిలబడింది.

"ఏం మామా రాస్తా ఉండావు? ఈపొద్దు అన్నీ కొట్టేస్తా ఉండారు, నువ్వు కొత్తది మొదలుపెట్టినావా?"

"ఫిర్యాదు."

"ఎవరి మింద?"

"పడవ మింద."

"పడవ మిందనా?" ఆమె కిలకిలా నవ్వింది. "పడవ నిన్నేం అనింది మామా?"

"ఆడ చూడు" అని పెన్నుతో టీవీ చూపించాను.

చూసింది. తిరిగి గోడమీది పటం చూసింది. "ఆడ ఏమీ లేదే" అంది.

"పటంలో లేదు. కంబం పక్కన ఆ చుక్క చూడు. మూడు బొమ్మలు చూడు. జరుగుతా ఉందా?"

ఆమె నీళ్ళ సీసా పట్టుకుని మూడు బొమ్మలు చూసింది. మొదటి బొమ్మకు ముఖంలో నవ్వుంది. రెండోదానికి లేదు. మూడోదానికి సీసా బల్లమీద పెట్టేసింది.

"మామా... జరగలే. పెద్దదవుతా ఉండాది."

"అదే గదా రాస్తా ఉండేది."

"ఇది రాసే సంగతా మామా? మనుషులుండారు ఆడ! లెయ్యి!"

ఇరవై నాలుగేళ్ళ పిల్ల. నా చేతిలోంచి పెన్ను లాగేసింది. ఇంకెవరైనా నాతో అలా చేస్తే రెండు పేజీలు రాసేవాణ్ణి. ఆ దెబ్బకు మాత్రం నిద్రలోంచి లేచినట్టయింది. మోకాళ్ళ సంగతి మరచిపోయి లేచాను. తలుపు తట్టలేదు. తోసుకుని వెళ్ళి మేనేజరు చేతిలోంచి ఫోను లాక్కున్నాను.

"ఏయ్! ఏం చేస్తా ఉండారు మీరు?" అని ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

నేను ఫోనులో అరిచాను. "ఒరే నాయనా, ముందర పడవ ఉండాది. తిరిగి చూడు!"

"ఎవరండీ మాట్లాడేది?" అన్నాడు మేట్. "ఫైలు తెస్తున్నాడండీ, ఒక్క నిమిషం."

"ఫైలు కాదప్పా, పడవ! కంబానికి ఎడమపక్కన. కిటికీలోంచి చూడు!"

"తెరమీద ఏమీ లేదండీ."

"తెరమీద లేనోడు నీళ్ళమీద ఉండకూడదా? కండ్లతో చూడురా!"

ఏ పక్కకు తిప్పాలో నేను చెప్పలేదు. అది కిటికీ ముందున్నవాడి పని. ఆరు సెకన్ల పాత బొమ్మ చూసేవాడు చెప్పకూడదు. చూడమని మాత్రమే చెప్పాను.

తరువాత "అమ్మ బాబోయ్" అన్నమాట, ఫోను కింద పడిన చప్పుడు, పరుగెత్తే అడుగులు. తరువాత కొమ్ము మోగింది. పొట్టిగా, ఐదుసార్లు. నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావడం లేదు, ప్రమాదం ఉంది అని చెప్పడానికి ఓడలు మోగించే మోత అది. నేను ఫోను పట్టుకునే బయటికి ఉరకబోతే తీగ సరిపోలేదు. బల్లమీద పడేసి టీవీ ముందుకు పరుగెత్తాను. మేనేజరు, అమ్మాయి నా వెనకే వచ్చారు.

ఆరేడు సెకన్లకొక బొమ్మ. మధ్యలో ఏం జరుగుతుందో దేవుడికే తెలియాలి.

ఒక బొమ్మ. ఇప్పుడు అది చుక్క కాదు. నీలంరంగు పడవ. వల తేలడానికి కట్టే బుడగలు నీళ్ళమీద వరుసగా కనబడుతున్నాయి. అదే చోట.

ఇంకో బొమ్మ. పడవలో నలుగురు మనుషులు లేచి నిలబడ్డారు. ఒకడు ఇంజను తాడు లాగుతున్నాడు. అదే చోట.

"తిరగలేదే" అన్నాడు మేనేజరు. ఆయన గొంతు నాకు కొత్తగా వినబడింది.

"తిరుగుతాది. ఓడకు మెదడునుంచి కాలికి కబురు పోయేదానికి టైము పడుతుంది సార్" అన్నాను. ఆ మూడు నిమిషాలు నా దగ్గర ఉంటే ఎంత బాగుండేదో ఆ సెకన్లలో తెలిసింది. వరుస సంఖ్య, తేదీ, విషయం, కింద గీత. గీత కూడా గీశాను.

ఇంకో బొమ్మ. పడవకూ స్తంభానికీ మధ్య వేలెడు సందు వచ్చింది. మేనేజరు తనే ఓడ అయినట్టు కుడివైపుకు ఒరిగిపోయి నిలబడ్డాడు. అమ్మాయి ఆయన చొక్కా చేయి పట్టుకుంది. ఎవరి చొక్కానో ఆమెకు తెలియలేదు.

ఇంకో బొమ్మ. రెండు వేళ్ళు. తరువాతిదాంట్లో పడవ తెర ఎడమ అంచుకు పోయింది. ఎంత దగ్గరంటే, ఒకడి భుజంమీది తువ్వాలు గళ్ళు కనబడ్డాయి. ఆ తరువాతిదాంట్లో ఉత్త సముద్రం.

మేము ముగ్గురం ఉత్త సముద్రాన్ని చూస్తూ నిలబడ్డాం. పక్కనుంచి వెళ్ళిన ఓడ అలకు చిన్న పడవ తిరగబడటం నేను ఒకసారి చూశాను. ఆ సంగతి వాళ్ళిద్దరికీ చెప్పలేదు.

క్యాబిన్‌లో ఫోను గరగరమంది. మేనేజరు పరుగెత్తి తీసుకున్నాడు. అందరికీ వినబడేలా బొత్తాం నొక్కాడు.

"సార్, నలుగురూ ఉన్నారండీ" అన్నాడు మేట్. వాడికి ఆయాసంగా ఉంది. "పడవ బాగానే ఉందండీ. వల కొంచెం తెగినట్టుంది. బూతులు తిడుతున్నారండీ."

"ఏమని?" అన్నాను నేను వెనకనుంచి.

"అవి చెప్పకూడదండీ."

అమ్మాయి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోలేక నేలమీద కూర్చుంది. మేనేజరు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

మధ్యాహ్నం యజమాని వచ్చేసరికి పెండింగులు అన్నీ ముగిశాయని చెప్పడానికి వీలు లేకపోయింది. మేనేజరు జరిగినదంతా చెప్పాడు. తలుపు దగ్గర అరచేయి చూపించిన సంగతి కూడా చెప్పాడు. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. ఆ మనిషిమీద నాకున్న కోపాల్లో పెద్దది ఆ పూట పోయింది. మామిడిపళ్ళ కోపం మాత్రం ఉంది.

జరిగినదానిమీద నివేదిక రాయడానికి నేనూ ఆయనా కూర్చున్నాం. మేట్ కిటికీ వైపు వీపు ఎందుకు పెట్టాడు? ఫోనులో ఉన్నాడు కాబట్టి. ఫోను ఎవరు చేశారు? ఆఫీసు. లుకౌట్ మనిషి ఎందుకు లేడు? ఫైలు కోసం పోయాడు. ఏ ఫైలు? ఇక్కడికి వచ్చేసరికి నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"సార్, రాసుకోండి. ఫైలు నాకోసం. నా పేరు లిస్టులో ఉందా లేదా అని చూసేదానికి."

"అది వద్దులెండి పెద్దాయనా. ఫోను చేసింది నేను. అనేది నన్నే అంటారు."

"ఎందుకు వద్దు? నా ఫిర్యాదుకు ఓడ తిరగలేదు గానీ, నా ఫిర్యాదువల్ల ఓడలో కండ్లు సముద్రం మిందనుంచి పక్కకు తిరిగినాయి. రాయండి. ఆపైన మూడు నిమిషాలు ఈడ కూర్చోని గీతలు గీసినాను. అదీ రాయండి."

"నేను చెయ్యి చూపించినాను గదప్పా, అందుకే గదా మీరు రాసింది?"

"మీరు చెయ్యి చూపించింది ఒక క్షణం. నాది మూడు నిమిషాలు. నా వాటా మీరు తీసుకోవద్దండి."

"మీకు తప్పులో గూడా వాటా తగ్గకూడదా?" అని ఆయన నెత్తి పట్టుకున్నాడు. చివరికి రాశాడు. నేను చదివి, రెండు మాటలు గట్టిగా మార్పించి, సంతకం పెట్టాను.

ఆ తరువాత ఆఫీసులో ఒక పద్ధతి వచ్చింది. ఓడ నడుస్తుండగా ఆఫీసు కాగితాల కోసం బ్రిడ్జికి ఫోను చేయకూడదు. లుకౌట్ మనిషిని ఆ చోటునుంచి కదిలించే పని ఏదీ ఒడ్డునుంచి చెప్పకూడదు. ఒక గట్టి ప్రమాదం కనబడితే మాత్రం, ఎవరైనా సరే, ఏ తలుపైనా తోసుకుని వెళ్ళవచ్చు. టీవీని నా మూలనుంచి తీసి హాలు మధ్యలో పెట్టారు. నన్ను అడగకుండా తీశారు. దానిమీద ఒక ఫిర్యాదు రాశాను.

రెండు వారాల తరువాత, రేవులో మా పనులు చూసే ఏజెంటు ద్వారా ఒక ఉత్తరం వచ్చింది. తమిళంలో ఉంది. ఆ పడవవాళ్ళు రాసింది. మేనేజరు దాన్ని తెచ్చి నా చేతికిచ్చి, "ఇట్లాటివి మీకే బాగా అర్థమవుతాయి, మీరే జవాబు రాయండి" అన్నాడు.

చాలా మంచి ఫిర్యాదు. ముప్పై ఏళ్ళుగా ఫిర్యాదులు రాసిన చేత్తో చెబుతున్నాను, ఒక్క మాట ఎక్కువ లేదు. తాము వల వేసి, ఇంజను ఆపి, అన్నం వండుకుంటుండగా ఒక ఓడ గుడ్డిదానిలా తమమీదికి వచ్చిందని రాశారు. వల తెగిందని, అలకు కుండ బోర్లాపడి అన్నం సముద్రం పాలయిందని రాశారు. వల కావాలి, కుండ కావాలి, తప్పు ఒప్పుకుంటూ కాగితం కావాలి. చివర్లో ఒక వాక్యం విడిగా ఉంది. ముందుభాగంలో తాటిపత్రి, అంటే టార్పాలిన్ పట్టా, కప్పుకుని పడుకున్న తమ మనిషి ఆ కొమ్ము మోతకు ఉలిక్కిపడి లేచాడని, అప్పటినుంచి అతని చెవిలో రొద పోవడం లేదని.

కింద సంతకాలు చూశాను. ఐదు.

మళ్ళీ లెక్కపెట్టాను. తెరమీద నేను చూసింది నలుగురిని. మేట్ కళ్ళారా చూసి చెప్పింది నలుగురిని. నివేదికలో అందరం రాసింది నలుగురనే. ఐదోవాడు తాటిపత్రి కింద నిద్రపోతున్నాడు. పటంలో లేడు, టీవీలో లేడు, కిటికీలోంచి చూసినా లేడు.

నివేదిక తెప్పించుకుని, నలుగురు అని ఉన్నచోటల్లా కొట్టేసి ఐదుగురు అని రాశాను. ఏడు చోట్ల ఉంది. అమ్మాయి వచ్చి, నేను రాసినదాన్ని చూసి, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

వల, కుండ, ఒప్పుకోలు కాగితం అన్నీ పంపించాం. ఆ ఐదోమనిషికి మాత్రం నేను విడిగా ఉత్తరం రాశాను. మోత పెద్దగా ఉన్నందుకు కాదు, ఆ మోత మూడు నిమిషాలు ముందే రావలసిందని, ఆ ఆలస్యం నాదని, మన్నించమని రాశాను.

నెల తరువాత జవాబు వచ్చింది. చెవి బాగయిందట. మన్నింపు గురించి ఒక్క మాట లేదు. కానీ మేము పంపిన వల కన్ను చిన్నదట, ఆ పరిమాణం తమ చేపలకు పనికిరాదట, ఓడల కంపెనీవాళ్ళకు ఆమాత్రం తెలియదా అని అడిగాడు.

న్యాయమైన మాట. మరుసటి ఉదయం బస్సెక్కి రేవుకు వెళ్ళి, నేనే దగ్గరుండి మార్పించి ఇచ్చాను.